ఆ పొద్దు బండి ఎవరూ ఎక్కలేదు

మా ఊరి రైల్వే స్టేషన్ ఎట్లా మూతబడిందని ఎవరైనా అడిగితే ఒక్కోసారి ఒక్కో జవాబు చెబుతాను. మీటరుగేజి తీసేసి పెద్ద పట్టాలు వేశారు కాబట్టి అంటాను. ఊరికి బస్సు వచ్చింది కాబట్టి అంటాను. రెండూ నిజమే. అయినా చెప్పిన ప్రతిసారీ అబద్ధమాడినట్టే ఉంటుంది.

స్టేషన్ అంటే ఒక గది, ఒక కానుగ చెట్టు, పగిలిన సిమెంటు బెంచీ. తొంభైల చివర్లో బస్సు వచ్చాక అందరూ దానికే అలవాటు పడ్డారు. మా అమ్మ ఒక్కతే కనకాంబరాల గంపతో పొద్దున బండెక్కి కదిరి పూల అంగళ్లకు పోయేది. బస్సులో గంప పెట్టనిచ్చేవాళ్లు కాదు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని నాయన ఎగతాళి చేసేవాడు.

ఇంతలో స్టేషన్ ఎత్తేస్తారని పుకారు పుట్టింది. టికెట్లు తెగితే ఉంచుతారని ఎవరో అన్నారు. అంతే, ఊరికి పౌరుషం వచ్చింది. ఇంటికొకరు వంతులేసుకుని దినామూ టికెట్లు కొన్నారు. కొని, జేబులో పెట్టుకుని చేనికి పోయారు. కాలేజీలో చదువుతున్న నాకు కూడా అందులో తప్పు కనిపించలేదు.

కొన్నాళ్లకు ఒక ఆఫీసరు చూడడానికి వచ్చాడు. ఉతికిన పంచెలు కట్టుకుని ఊరంతా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాం. బండి వచ్చి ఆగింది. అమ్మ గంప ఎత్తుకోబోతే నేనే పట్టుకున్నాను.

"ఈ పొద్దొక్కటీ ఆగు మా. దినామూ పోయేది నువ్వే కదా. నువ్వు చెప్తేనే ఆయప్ప నమ్ముతాడు."

"పూలు వాడిపోతాయి రా."

"వాడనీలే మా."

అమ్మ ఆగింది. బండి పోయింది. ఆఫీసరు అమ్మ వైపు చూడనైనా లేదు. "ఏమప్పా, ఇంతమంది వచ్చినారు, ఒక్కరూ ఎక్కలేదే?" అని అడిగి ఏదో రాసుకున్నాడు. 

కొత్త పట్టాలు పడ్డాక బండ్లు మా ఊళ్లో ఆగలేదు. ఆయన రాత వల్లనా, గేజి వల్లనా, మా అతితెలివి వల్లనా? ఎంత ఆలోచించినా నాకు తేలలేదు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని పెద్ద రోడ్డుదాకా నడిచి ఆటో పట్టుకునేది. రెండేళ్లకు పూలతోటే మానేసింది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. ఒకనాడు చేలో కలుపు తీస్తుండగా బండి కూత వేసుకుంటూ పోయింది. అమ్మ పని ఆపి నన్ను అడిగింది.

"ఆ పొద్దు నేను ఎక్కింటే, ఒకరన్నా ఎక్కినారని రాసుకుని ఉండునేమో కదరా?"