ఫారిగ్‌ఖతీ అంటే ఏంది?

నా చిన్నప్పుడు మా బాపమ్మ వెంట బయటికి వెళ్ళడమంటేనే నాకు విసుగు. ఆమెకు చదువు రాదు. కానీ అర్థం కాని మాట చెవిన పడితే అక్కడి నుంచి కదిలేది కాదు.

తాతయ్య పోయిన ఏడాది, ఆయన భూమి రెండెకరాలు తన పేరుకు మార్పించుకోవడానికి ఆసిఫాబాద్ వెళుతూ నన్నూ తీసుకెళ్ళింది. కాగితం ఆమె మరిది, అంటే మా చిన్నతాత, ముందే రాయించిపెట్టాడు. వేలిముద్ర వేస్తే చాలన్నాడు.

కచ్చేరి ముందు రేకుల కింద, ఆ కాగితం రాసిన మున్షీ దాన్ని గబగబా చదివాడు. సగం ఉర్దూ మాటలే.

"మౌజే అంటే ఏందయ్యా?"

"ఊరు."

"ఊరని రాస్తే ఏం బోయింది? జౌజే అంటే?"

"పెండ్లాం. గవన్నీ కచ్చేరి మాటలవ్వా, నీకెందుకు పరేషాన్? జల్ది ముద్ర వెయ్యి, ఎనుక మంది నిలవడ్డరు."

"నా మీద నమ్మకం లేదా వదినా?" అన్నాడు చిన్నతాత.

"నమ్మకం దేవుని మీద ఉన్నది. కాగితానికి అర్థం కావాలె."

మా వాడ ప్రార్థనలో ఒక కట్టుబాటు ఉండేది. వాక్యం చదివినవాళ్ళు దాన్ని ఇంటి మాటల్లో విప్పి చెప్పాలి. అప్పటిదాకా ఎవరూ ఆమేన్ అనకూడదు. దానివల్ల మా కూటాలు ఎప్పుడూ మధ్యాహ్నం దాటేవి. ఇక్కడ కూడా అదే గొడవా అని నాకు ఏడుపొచ్చింది. ఆకలి ఒకవైపు, బస్సు పోతుందన్న భయం ఒకవైపు. "వెయ్యి బాపమ్మా" అంటూ కొంగు లాగాను. ఆమె వినలేదు.

"ఫారిగ్‌ఖతీ అంటే?"

మున్షీ కలం విసిరికొట్టాడు. ఆ విసుగులో దాచవలసింది కూడా అనేశాడు. "గా భూమిల నాకు ఏ హక్కు లేదు, మళ్ల వచ్చి అడుగ అని నువ్వు రాసిచ్చుడు! ఇగనన్న వేస్తవా?"

చిన్నతాత తల దించుకున్నాడు. బాపమ్మ అరవలేదు. ఆయన వైపు తిరిగి, "గీ మాట ముందుగాల్నే చెప్తే, పిల్ల ఆకలితోని ఏడ్వకపోవు గదయ్యా" అని లేచింది. తరువాత వేరే మున్షీతో కొత్త కాగితం రాయించుకుంది. ఆ రెండెకరాల మీదే మా బాపు మమ్మల్ని చదివించాడు.

ఇప్పుడు మంచిర్యాలలో ఏ ఆఫీసుకు వెళ్ళినా, కంప్యూటర్ కాగితాల మీద మళ్ళీ అవే మాటలు. ఒక్కరూ విప్పి చెప్పరు. సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం వేలితో పొడిచి చూపిస్తారు. నేను అడుగుతాను. వాళ్ళు విసుక్కుంటారు, పక్కనున్న నా కొడుకు సిగ్గుపడతాడు. దేవుని దయవల్ల నాకు సిగ్గు లేదు. ఎదుటి మనిషి ఎంత విసుక్కుంటే, నేను అంత స్థిమితంగా కుర్చీ ముందుకు జరుపుకుంటాను.