ఏడు నిమిషాల చీటీ

మొన్న కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఒక తోపుడుబండి దగ్గర గొంతు పట్టేసే ఆ ఘాటు వాసన తగిలి ఆగిపోయాను. జీడిమామిడి పళ్ళు! అవీ నాలుగే, వాడిపోయినవి. పర్సు తీస్తే అడుగునుంచి ఒక చిన్న చీటీ ఊడిపడింది. అది జపాన్‌లో ఒక రైల్వే స్టేషన్లో ఇచ్చిన చీటీ.

నేను ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేస్తాను. కిందటేడు కొత్త మిషన్ పని నేర్చుకు రమ్మని మావాళ్ళు నన్ను ఫుకుయామాకి పంపారు. మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, మన విశాఖలాగే ఓడలూ ఉక్కు కార్ఖానా ఉన్న ఊరు. రైల్లో వెళుతుంటే గాలి ఎక్కువై బండి దారిలో ఆగింది. ఆగిందో లేదో, మైకులో ఎవరో ఏదో చెప్పారు. పక్క సీట్లో పెద్దావిడ నావైపు తిరిగి, ఆ గాలి తన తప్పే అయినట్టు తల వంచి, "విండ్, సారీ" అంది. దిగాక గేటు దగ్గర ఉద్యోగి ఒకాయన రెండు చేతులతో అందరికీ చీటీలు ఇస్తున్నాడు. ఇదేమిటని నన్ను తీసుకెళ్ళడానికొచ్చిన మనిషిని అడిగితే, రైలు ఏడు నిమిషాలు ఆలస్యమైందని రాసిచ్చే కాగితమట! ఆఫీసులోనో బడిలోనో చూపిస్తే లేటుగా వచ్చినవాళ్ళని ఎవరూ ఏమీ అనరట. స్టేషన్ పక్కనే ఎత్తుగా పాతకాలపు కోట ఉంది. అందరూ దాన్ని చూస్తుంటే నేను ఆ కాగితాన్ని చూస్తూ నిలబడ్డాను. ముచ్చటేసిందనుకునేరు, నాకు ఒళ్ళు మండిపోయింది. వెనక్కి వెళ్ళి ఇంకో చీటీ అడిగి తీసుకున్నాను.

మా చిన్నప్పుడు వేసవి సెలవులంటే ఎలమంచిలి దగ్గర అమ్మమ్మగారి ఊరే: కొండవాలంతా జీడితోటలు, మధ్యాహ్నాలు జీడిపిక్కల్ని వరసగా పేర్చి రాయితో కొట్టే ఆటలు, పిక్కలు కాల్చిన పొగ, ఉప్పద్దుకు తిన్నా గొంతు గరగరలాడించే పళ్ళు, ఎన్ని ఉతుకులు ఉతికినా గౌన్ల మీంచి పోని మరకలు. జీడిపండు పొద్దున్న కోసింది సాయంత్రానికి పనికిరాదు. అందుకే అమ్మమ్మ చీకటితోనే లేచి, గంపలో టేకాకులు పరిచి, పళ్ళని నలగకుండా ఒక్కొక్కటే పేర్చి, చుట్ట నిప్పువైపు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతూ, నన్ను వెంటేసుకుని పాసింజరు ఎక్కేది. విశాఖలో సూరప్పడి పళ్ళకొట్టుకి పదింటిలోపు చేరాలి. అక్కడ తప్ప ఆవిడ సరుకు ఇంకెవరూ దించుకునేవారు కాదు.

ఒకరోజు అనకాపల్లి దాటాక మా బండిని పక్క పట్టాల మీదికి తోసి ఆపేశారు. ఒక ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయింది. తరవాత గూడ్సు, తరవాత ఇంకో ఎక్స్‌ప్రెస్. పాసింజరులో ఉన్నవాళ్ళు మనుషులు కారు గామోసు! పెట్టె ఉడికిపోతోంది, గంపలోంచి రసం కారి అమ్మమ్మ చీరకొంగు తడిసింది. ఆవిడ కిందికి దిగి, స్టేషన్లో తెల్లబట్టల ఉద్యోగి ఒకాయన్ని "ఎంతసేపాగుతాది బాబూ?" అని అడిగింది. ఆయన తల కూడా తిప్పలేదు. ఆవిడ మళ్ళీ అడిగింది. ఆయన తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. అలా రెండు గంటలు.

మేం వెళ్ళేసరికి సూరప్పడు మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"ఏటే, ఇంతసేపూ తొంగున్నావేటి?"

"రైలాపీసారు బాబూ. నానేటి సెయ్యను?"

"రైలుమీద ఎట్టకు. నువ్వే లేటుగా లెగిసుంటావు." నావైపు తిరిగి, చల్లటి పుచ్చకాయ ముక్క చాపాడు. "నువ్వు సెప్పే పాపా, మీయమ్మమ్మ లేటుగా లెగిసింది గదా?"

నాకు ఎనిమిదేళ్ళు. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయింది. తల ఊపాను. ముక్క తీసుకున్నాను.

"సూసేవా? రేపట్నుంచి తేకు," అన్నాడు.

అమ్మమ్మ గంప తీసుకెళ్ళి బజార్లో ఆవుల ముందు బోర్లించింది. నేను పుచ్చకాయ తినేదాకా ఆగి, కొంగుతో నా మూతి తుడిచి, "పద, బండెల్లిపోతాది," అంది. ఆ తరవాత ఆవిడ విశాఖకి పళ్ళు తీసుకెళ్ళలేదు. పిక్కలు వొలిచి దళారికి ఇచ్చేది. పళ్ళు చెట్లకిందే కుళ్ళేవి.

ఇప్పుడు ఆ పాసింజరు లేదు, సూరప్పడి కొట్టు లేదు, తోటల్లో చాలావాటిని ప్లాట్లు చేసి రాళ్ళు పాతారు. అమ్మమ్మ పోయింది. ఫుకుయామాలో అడిగి తీసుకున్న రెండో చీటీ ఆవిడ కోసమే. ఏడు నిమిషాలకి రాసిచ్చే ఊరొకటుంటే, రెండు గంటలు ఎండలో ఉడకబెట్టి నోటిమాటైనా చెప్పని మనుషుల మీద నా కోపం ఈ జన్మకి చల్లారదు. ఆ ఉద్యోగినీ, సూరప్పణ్ణీ ఇన్నేళ్ళుగా తిట్టుకుంటూనే ఉన్నాను.

కానీ తప్పు ఆవిడది కాదని ఆ రోజు చెప్పడానికి చీటీ అక్కర్లేదు. నేనున్నాను.

తోపుడుబండివాడు నాలుగు పళ్ళూ పొట్లం కట్టిచ్చాడు. ఒకటి కొరికాను. గొంతు పట్టేసింది.