మంద పడుకున్న కంది చేను

వికారాబాద్ కొత్త జిల్లా అయిన మరుసటి వానాకాలం నన్ను పూడూరు నుంచి తాండూరు వైపు ఒక మండలానికి వ్యవసాయ అధికారిగా బదిలీ చేశారు. మా కింద కొన్ని ఊళ్లకొకరు చొప్పున విస్తరణ అధికారులుంటారు. వాళ్లకు తేలని సమస్యలు మా దగ్గరికి వస్తాయి. అలా వచ్చిందే ఖాజా మియా కంది చేను.

ఆ ఎండాకాలం ఆయన తన చేనులో అదే ఊరి మల్లమ్మ వాళ్ల గొర్రెల మంద పెట్టించుకున్నాడు. రాత్రిళ్లు మంద పడుకుంటే పెంట, మూత్రం నేలకు దక్కుతాయి. నేల బాగుకు అది మంచిదని మేమే ఊరూరా చెప్పేవాళ్లం. కంది మంచిగానే మొలిచింది. తీరా ముసురు పట్టి వెలిశాక మొక్కలు వాడిపోవడం మొదలైంది. దుకాణంలో ఇచ్చిన పురుగుమందు కొట్టినా ఆగలేదు.

నేను వెళ్లేసరికి ఖాజా మియా, మల్లమ్మ ఇద్దరూ గట్టు మీదే ఉన్నారు.

“మంద పెట్టినంకనే గిట్లయింది మేడం. గొర్ల పెంటల కెల్లి బీమారి వచ్చింది,” అన్నాడు ఖాజా మియా.

“గట్లనకు భాయ్. నీ మాట ఇని ఊరంత మమ్ముల వద్దంటున్నరు. ఇగ మంద యాడ పెట్టాలె?” అంది మల్లమ్మ.

మంద పెట్టినందుకు రైతులిచ్చే జొన్నలతోనే మల్లమ్మ ఇల్లు గడిచేది. నేనేమంటానా అని ఇద్దరూ నా మొహం చూస్తున్నారు.

మెరక వైపు ఒక మొక్క పీకి కాండం చీల్చాను. లోపల నల్లటి చారలు. ఎండు తెగులు. నేలలో బతికే బూజు వల్ల వస్తుంది. ఆ మాట చెప్పబోతూ, ఎందుకో పల్లం వైపు మొక్క కూడా చీల్చాను. లోపల తెల్లగా, శుభ్రంగా ఉంది. కానీ పైన, నేలకు దగ్గరగా గోధుమరంగు మచ్చ. మొక్క అక్కడికే విరిగిపోతోంది. మళ్లీ మెరకకు పోయాను, మళ్లీ పల్లానికి దిగాను. ఒకే చేను, ఒకే విత్తనం, ఒకే మంద.

“ఏమైంది మేడం?” అన్నాడు ఖాజా మియా.

నాకూ సమజైతలేదన్నాను. పురుగుమందు మాత్రం ఆపమన్నాను. ఇది పురుగు పని కాదు, ఆ మందుకు చచ్చేది పంటకు మేలు చేసే పురుగులే.

మొక్కలు పరిశోధన కేంద్రానికి పంపితే రెండు తెగుళ్లని తేలింది. పల్లంలోది నీరు నిలిస్తే వచ్చే తెగులు. పక్క రైతు గట్టు పొడవునా నాపరాళ్లు పాతడంతో వాన నీటికి దారి మూసుకుపోయింది. మెరకన ఏళ్లుగా కంది మీద కందే వేస్తున్నారు, ఎండు తెగులు అక్కడే ముదిరింది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ మెరకన ఎక్కువ మొక్కలు చచ్చింది సరిగ్గా మంద ఒత్తుగా పడుకున్న చోటే. అంతకు ముందు మంద ఇంకో కంది చేనులో ఉండి వచ్చిందని మల్లమ్మే చెప్పింది. గిట్టలకంటిన మట్టితో తెగులు వచ్చి ఉంటుందా? శాస్త్రవేత్తను అడిగితే, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఇద్దరికీ అదే చెప్పాను. ఇద్దరికీ నచ్చలేదు.

చివరికి నీటికి దారి తీయించాం. మరుసటి ఏడు మెరకన జొన్న వేయమన్నాను. విత్తేముందు ఆ మెరకలో సగానికే మంద పెట్టి చూద్దామన్నాను.

“సరే మల్లక్కా, తోలుకరా. సగంలనే,” అన్నాడు ఖాజా మియా.

ఊళ్లో మిగతావాళ్లు ఒప్పుకోలేదు. ఆ ఎండాకాలం ఖాజా మియా చేనులో సగానికి మంద పెట్టాక, ఆ పై ఎండాకాలం కూడా మల్లమ్మ వాళ్లు మందను కర్ణాటక వైపు తోలుకపోయారు. జొన్న తర్వాత వేసిన కందిలో ఎండు తెగులు పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. మంద పెట్టిన సగంలోనూ పెట్టని సగంలోనూ తెగులు ఒకటే తీరు. పైరు మాత్రం మంద పెట్టిన వైపే ఒత్తుగా ఉంది. అది చూశాకే ఊరివాళ్లు మందను మళ్లీ పిలిచారు.

మొదటి ఏడు తెగులు మంద పడుకున్న చోటునే ఎందుకు ఎక్కువ పట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్క మొక్కను చూసి చేను మొత్తానికి తెగులు పేరు పెట్టకూడదని మాత్రం తెలిసింది. ఆ తర్వాత నా దగ్గర పనిచేసిన వాళ్లకు ఒకటే చెప్పేదాన్ని: మెరకన ఒకటి, పల్లంలో ఒకటి, పోల్చుకోవడానికి బాగున్న మొక్క ఒకటి చీల్చి చూశాకే రైతుతో మాట్లాడండి.