తెరకు అటువైపు కూర్చున్న మా అమ్మ

మా చిన్నప్పుడు సినిమా తెరకు రెండు వైపులా జనం కూర్చునేవాళ్ళు...

తుంగతుర్తి దగ్గర మా ఊరికి అప్పుడప్పుడు సర్కారు వ్యాను వచ్చేది. పొద్దుగూకగానే బడి ముందర రెండు గుంజలు పాతి తెల్లబట్ట కట్టేవాళ్ళు. ఫైట్లుండవు, పాటలుండవు... గొర్రెలకు సూదులు వేయించడం, నీళ్ళు కాచి తాగడం, ఇవే బొమ్మలు. అయినా ఊరు ఊరంతా కదిలొచ్చేది.

మగవాళ్ళు తెర ముందు, ఆడవాళ్ళు తెర వెనక. ఎవరు పెట్టిన పద్ధతో ఏమో! పిల్లలం మాత్రం ఎటైనా ఉరికేవాళ్ళం.

ఒకసారి బొమ్మలో ఒకామె అన్నం తింటుంటే మా అమ్మ ముక్కున వేలేసుకుంది.

"ఏందే ఇది? సినిమాల అందరు ఎడమచేత్తోనే తింటరు!"

నేను ముందువైపు ఉరికి చూశాను... కుడిచెయ్యే! వెనక నుంచి చూస్తే అంతా తిరగబడి కనిపిస్తుందని అప్పుడే తెలిసింది. చెబితే అమ్మ నమ్మలేదు. "అయితే ముందుకొచ్చి సూడు" అన్నాను. "చుప్! గాడ మగోళ్ళున్నరు" అని నెత్తిన ఒక మొట్టికాయ వేసింది.

ఆ నొప్పి ఎప్పుడో పోయింది గానీ, కోపం పోలేదు.

ఇప్పుడు నా పనే అది... డాక్యుమెంటరీలు పట్టుకుని ఊళ్ళు తిరగడం. మిర్యాలగూడ రైసుమిల్లులో బీహారు హమాలీలకు మధ్యమధ్య హిందీలో చెబుతూ చూపించాను. కోదాడలో కాలేజీ పిల్లలు, సూర్యాపేటలో కూరగాయలమ్మే వాళ్ళు... అందరూ చూశారు. మా అమ్మే మిగిలింది.

పోయిన ఎండాకాలం మా ఊరికే వెళ్ళాను. గొర్రెలు కాసే ఆడవాళ్ళ మీద మేం తీసిన బొమ్మ అది. అందులో అమ్మ కూడా ఉంది. ఈసారైనా ఆమె ముందు కూర్చుని చూడాలి... అదొక్కటే నా పంతం.

మగవాళ్ళు వచ్చి ముందు సర్దుకున్నారు. అమ్మా, మిగతా ఆడవాళ్ళూ గోనెసంచులు చంకన పెట్టుకుని ఎప్పటిలాగే వెనక్కి పోయారు. నేను వెళ్ళి ప్రొజెక్టరు ఆన్ చేశాను.

బొమ్మ మొదలైంది. వెనక నుంచి ఒకటే కేకలు.

"ఏమైందే బిడ్డా? ఈడ అంత నల్లగున్నది, ఏం కనబడ్తలే!"

ఎలా కనబడుతుంది? వెనక నల్లగా ఉండే తెరనే ఏరికోరి తెప్పించాను మరి!

"గీ తెర గంతేనమ్మా. సూడాల్నంటే ముందటికే రావాలె" అన్నాను.

మా నాన్నకు అన్న, లింగయ్య పెదనాయన, గయ్యిమన్నాడు. "ఆడోళ్ళు ముందట కూసునుడు ఎన్నడన్న ఉన్నదా?"

అప్పటికే అమ్మ తెర పక్క నుంచి ఇటు వచ్చింది. తెర మీద తన మొహం... అంత పెద్దగా! ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుంది.

"బావా, జర జరుగు. గాడున్నది నేను. నన్ను నేను సూసుకోవద్దా?"

పెదనాయన తెరను చూశాడు, అమ్మను చూశాడు... జరిగాడు! అమ్మ వెనకే ఆడవాళ్ళందరూ వచ్చి ముందు వరుస నింపేశారు. నాకైతే ఈల వేయాలనిపించింది. వేశాను కూడా!

తెర మీద అమ్మ సద్దిమూట విప్పి తింటోంది. కింద అమ్మ ఆ చేతినే చూస్తోంది. ఉన్నట్టుండి నా వైపు తిరిగి, ఊరంతా వినేలా అరిచింది.

"కుడిచెయ్యేనే! ఆనాడు నువ్వు చెప్పింది నిజమేనే బిడ్డా!"

ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ళ చేతిలోనే ఉంది. తెరకు వెనకవైపు ఒకటుండేదని మా పిల్లలకు తెలియదు... కానీ ఆ వెనకే మా అమ్మ సగం జీవితం గడిచిపోయింది. మీ ఊళ్ళో మీ అమ్మ ఎటువైపు కూర్చునేది?