డంప్‌స్టర్ దాకా

మా ఆయన సిగరెట్లు మానాలని నేను మొక్కని దేవుడు లేడు.

ఈ పరాయిదేశంలో, బాతెల్ అనే ఊళ్లో, మా అపార్ట్‌మెంట్ల దగ్గర పాటియోలో కూడా కాల్చకూడదు. అందుకని భోజనాలయ్యాక ఆయన చెత్త సంచి పట్టుకుని పార్కింగ్ చివర ఉన్న పెద్ద చెత్తతొట్టి, డంప్‌స్టర్ దాకా వెళ్లేవాడు. ఇక్కడి వాన సన్నగా, విసుగు లేకుండా కురుస్తుంది. తడిసి జ్వరం తెచ్చుకుంటాడని గొడుగు పట్టుకుని నేనూ వెనకాలే. ఆ సిగరెట్ సగమయ్యేదాకా తిట్టేదాన్ని. తిట్లు అయిపోయాక మాటలు మొదలయ్యేవి. ఇంట్లో ఇద్దరికీ రెండు లాప్‌టాప్‌లు, మధ్యలో మిడిల్ స్కూల్ పిల్ల హోంవర్కు. లేఆఫ్‌ల భయం, అత్తగారి మోకాళ్లు, రెండో బిడ్డ వద్దనుకోవడం, అన్నీ ఆ కంపులో నిలబడే మాట్లాడుకున్నాం.

ఒక వేసవిలో కారెక్కగానే గుప్పున మామిడిపండు వాసన. ఇక్కడ బంగినపల్లి అంటే వాట్సాప్ గ్రూప్‌లో పేరిచ్చి, ఎవరిదో గరాజ్ ముందు క్యూ కట్టి తెచ్చుకునే పండు. నాకు ఒళ్లు మండింది.

“నాకూ పిల్లకూ లేకుండా ఫ్రెండ్స్‌తో కలిసి బాక్స్ లాగించేశావా?”

సీట్ల కింద, ట్రంక్‌లో, స్పేర్ టైర్ పక్కన టెంకల కోసం వెతికాను. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. చివరికి జేబులోంచి పెన్నులాంటిది తీశాడు. వేప్. మామిడి వాసన ఆవిరి పీల్చే కరెంటు సిగరెట్.

“ఒక్కసారే బంద్ జెయ్యాల్నంటే నాతోని కాదే. జర్ర జర్ర తగ్గిస్త,” అన్నాడు. ఆయనది వరంగల్, మాది గుంటూరు.

“పెనం మీంచి పొయ్యిలో పడటం అంటారు దీన్ని. ఇందులో మాత్రం నికోటిన్ లేదేంటి?” అన్నాను. కానీ నా చేతిలో ఇంకా స్పేర్ టైర్ మూత ఉంది. అది చూసి ఇద్దరం పడీ పడీ నవ్వాం.

ముందు పొద్దుటి సిగరెట్ పోయింది. తర్వాత ఆఫీస్‌లో పొద్దుటి స్టాండప్ మీటింగ్ అయ్యాక కాల్చేది, ఆపైన డ్రైవ్‌లో కాల్చేది. “డాడీ, యూ స్మెల్ లైక్ మ్యాంగో లస్సీ,” అని మా పిల్ల ముక్కు మూసుకుంది. భోజనం తర్వాతది మాత్రం చాలాకాలం మిగిలింది.

చివరికి అదీ పోయింది. కిటికీ దగ్గర వేప్ రెండు పీల్పులు పీల్చి, వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చోవడం మొదలుపెట్టాడు. చెత్త పొద్దున ఆఫీస్‌కి వెళ్తూ పడేస్తున్నాడు. నేను సంతోషించాలి. తలుపు పక్కన పొడిగా ఉన్న గొడుగును చూస్తే దిగులేసేది. కాల్చమని అడగలేను కదా! నాకు మొగుడు కావాలి, సిగరెట్ వద్దు. రెండూ ఒకే మూటలో వచ్చేవని ఇన్నేళ్లూ తెలియలేదు. నోరు మూసుకున్నాను. మా ఇంట్లో అది అరుదైన సంగతి.

పోయిన వారం గిన్నెలు సర్దుతూ చూస్తే ఆయన జాకెట్ వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతిలో ముడేసిన సంచి, బరువే లేనట్టు ఊగుతోంది.

“పొద్దునే పడేశావుగా. అందులో ఏముంది?”

“ఉల్లిగడ్డ పొట్టు.”

“అంతేనా?”

“గంతే. నువ్వు తిట్టక శాన దినాలైంది. గొడుగు వట్టుకొని రా.”

వేప్ చెప్పుల స్టాండ్ మీదే ఉంది. ఆయన దాన్ని జేబులో వేసుకోలేదు. గొడుగు తీసుకుని, మెట్లు దిగుతూనే తిట్టడం మొదలుపెట్టాను.