మోటారు చప్పుడులో నిద్ర

ఆ రోజు పొద్దున నేను ఒక ఆడపిల్లను పరాయి మనిషి ముందర నిలబెట్టి మాట అన్నాను. కరెంటు బిల్లు గురించి. ఆమె తప్పేమీ లేదని తెలిసేసరికి మధ్యాహ్నం దాటింది.

హుజూరాబాద్‌లో మాది చిన్న ఇల్లు. పైన ఒక గది, వంటిల్లు. అందులో కిరాయికి ఉండేది ఆమె, ఇంకా నడక రాని కొడుకు. భర్త మస్కట్‌లో పని చేస్తాడు. చలికాలం చివర సెలవు మీద వచ్చిన ఆ అబ్బాయి, పసివాడు ఎండకు ఆగడని ఒక ఇనుప కూలర్ కొని, కిటికీకి బయటి నుంచి బిగించి వెళ్లాడు. ఇల్లంతటికీ ఒకటే మీటరు. కరెంటు ఖర్చు కిరాయిలోనే కలిసి ఉంటుంది.

మీటరు చూసే అతను మిషన్‌లోంచి చీటీ చింపి చేతికిచ్చాడు. ఎప్పుడూ వచ్చేదానికి రెండింతలు దాటి ఉంది.

“తమ్మీ, జర మల్ల చూడు. మిషన్ తప్పు కొట్టినట్టుంది.”

“మిషన్ల ఏం లేదు సార్. మీటర్ల ఉన్నదే వచ్చింది. ఇంట్ల కొత్తగ ఏమన్న పెట్టిన్రా?”

ఇద్దరం ఒకేసారి తలెత్తి చూశాం. పైన కూలర్ తిరుగుతోంది. నేను కింది నుంచే పిలిచాను. ఆమె బాబును చంకనేసుకుని మెట్ల మీదికి వచ్చింది.

“గా కూలర్ రాత్రింబగళ్లు తిరుగుడేనా?”

“లేదు కాక. పోరడు పండుకున్నప్పుడే పెడుతున్న.”

“మరి పోరడు లేచేదెప్పుడు? మస్కట్ పైసలు ఇంట్లకొస్తుంటే కరెంటు ఎవని సొమ్మైతేంది!”

బిల్లు అతను తల వంచుకుని మిషన్ సర్దుకున్నాడు. ఆమె బాబును తీసుకుని లోపలికి పోయింది. కాసేపటికి కూలర్ ఆగింది. అది ఆగినప్పుడు నాకు గెలిచినట్టు అనిపించింది.

నేను పుట్టింది సిరిసిల్లలో. బాపు సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. కార్ఖానాకూ మేము పడుకునే అర్రకూ నడుమ ఒకే గోడ. ఆ చప్పుడు గోడలోంచి చాపలోకి, చాపలోంచి వీపులోకి వచ్చేది. దానిలోనే మాకు నిద్ర. కరెంటు పోయి సాంచాలు ఆగితే పిల్లలమందరం ఒక్కసారే లేచి ఏడ్చేవాళ్లమట. “చప్పుడుకు లేస్తరు అందరి పిల్లలు, నా పిల్లలు చప్పుడు ఆగితే లేస్తరు” అని అవ్వ నవ్వేది.

ఆ అలవాటు ఈ వయసుకూ పోలేదు. చీకటి ఉండగానే లేచి బోరు మోటారు వేసి, మళ్లీ మంచం మీద ఒరుగుతాను. మోటారు గుంయిమంటుంటే కళ్లు మూతపడతాయి. కాసేపటికి అది మోటారు కాదు, సాంచాలే. తెల్లటి గుడ్డ మెల్లగా చుట్టుకుంటూ ఉంటుంది. బాపు వెంట్రుకల మీద దూది నలుసులు. ఆయన నా వైపు చూడడు, పోగు తెగిందేమోనని గుడ్డనే చూస్తుంటాడు. ఈ ఎండాకాలం ఆ కల ఎప్పటికంటే ఎక్కువసేపు ఉండేది. వయసు మీద పడి బాపుకు దగ్గరవుతున్నానేమో అనుకున్నాను.

ఇంకొక సంగతి కూడా కలలాగే ఉండేది. ఊరంతా ఎండి తెల్లబోయినా, మా ఇంటి వెనక ఖాళీ ప్లాటులో మోకాలెత్తు గడ్డి. దాంట్లో కొంగలు వాలేవి. ఎవరో అక్కడ కొంచెం వానాకాలం మరిచిపోయి పోయినట్టుండేది. చాయ్ తాగుతూ దాన్ని చూసేవాడిని. ఆ నీళ్లు ఎక్కడివని ఒక్కసారీ అనుకోలేదు.

మధ్యాహ్నం పైన బాబు ఏడుపు మొదలుపెట్టాడు. ఆమె జోకొడుతోంది, వాడు ఊరుకోవడం లేదు. అప్పుడే ఆదిలాబాద్ నుంచి నా భార్య ఫోన్. మా బిడ్డ రెండో కాన్పుకు సాయంగా వెళ్లి నెల దాటింది.

“బువ్వ తిన్నవా?”

“తిన్న. బిల్లు మస్తు వచ్చింది. పైన కూలర్ తోటి. గట్టిగనే చెప్పిన.”

“ఏం చెప్పినవ్? పసిపిల్ల తల్లిని పట్టుకొని! కూలర్ కొంత గుంజుతది గని గంత గుంజదు. అవునయ్యా, పొద్దుగాల మోటరు ఎవలు బంద్ చేస్తున్రు?”

“ఎవలేంది? ఎప్పటిలెక్కనే నేనే, నిద్రమబ్బుల లేచి.”

అటు వైపు నుంచి నవ్వు వినిపించింది. “నువ్వా? ఇల్లు కట్టిన కాడికెల్లి ఏసి పండుకునుడే గని, ట్యాంకి నిండంగనే లేచినవా ఒక్కనాడన్న? నువ్వు గురక పెడుతుంటె నేను పోయి బంద్ చేసుడు.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“చెప్తే నీ నిద్ర చెడుతది. గా చప్పుడు లేకపోతే పండుకోవు గద.”

ఫోన్ పెట్టేసి మోటారు వేసి మీటరు ముందు నిలబడ్డాను. అందులో ఎర్ర దీపం ఆగకుండా కొట్టుకుంది. మోటారు ఆపేశాను, దీపం నెమ్మదించింది. ఇంటి వెనక్కి పోయాను. ట్యాంకు పొర్లే గొట్టం కింద గోడంతా నాచు పట్టింది. గోడ దిగిన తడి నేరుగా గడ్డిలోకి పోయింది. ఈ నెలంతా ఎండ మొహం మీద పడ్డాక లేచి, కాసేపే కదా ఒరిగింది అనుకుంటూ స్విచ్ తీసేవాడిని. అంతసేపూ మోటారు తిరిగింది. నేను బాపును చూస్తూ పడుకున్నాను.

పైన ఏడుపు ఇంకా ఆగలేదు. చప్పుడు ఆగితే లేచి ఏడ్చే పిల్లలు ఎలా ఉంటారో నాకు తెలియాలి కదా.

ఆమె సంచీ పట్టుకుని మెట్లు దిగింది. బాబు మెడ చుట్టూ చెమటకాయలు ఎర్రగా లేచి ఉన్నాయి.

“కాక, మంథనికి పోతున్న, మా తల్లిగారింటికి. ఆయనకు చెప్పి ఇల్లు ఖాళీ చేస్త.”

“బిడ్డా, కూలర్ తప్పు కాదు. మోటరు ఏసి పండుకుంటున్న నేను. బిల్లు నా నిద్రది. పొద్దున అన్న మాట అనవద్దుండే.”

ఆమె నా మొహం చూసింది. “పొద్దుగాల నీళ్లు పడే చప్పుడు రోజూ ఇంటున్న కాక. కొంగల కోసం పారిస్తున్నరనుకున్న.”

“మరి పొద్దున అదే అనకపోతివి?”

“గా బిల్లాయన ముందట మిమ్మల్ని ఏమనాలె?”

“ఈ ఎండల పోకు. పొద్దు గుంకినంక కూడా పోవాలనిపిస్తే నేనే బస్సెక్కిస్త” అన్నాను. ఆమె సంచీ పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

బజారుకు పోయి కూలర్ పలకల్లో నింపే గడ్డి కొన్నాను. దారిలో పక్క వాడకట్టులో ఇంకా బిల్లులు కొడుతున్న అతను కనిపించాడు.

“తమ్మీ, పొద్దున గా పిల్లను నేను అన్నది తప్పు. కరెంటు గుంజింది నా మోటరు.”

“గా ముచ్చట నాకెందుకు సార్?”

“నీ ముందట అన్న గద.”

ఇంటికొచ్చి కూలర్‌లోని పాత గడ్డి పీకి కొత్తది కుక్కి, బకెట్లతో నీళ్లు మోసి కూలర్ నింపి వేశాను. తడిగడ్డి వాసన గదిలోకి పోయింది. ఆమె బాబును తెచ్చి కిటికీ ముందు పడుకోబెట్టింది. బాబు కొంతసేపు ఎక్కిళ్లు పెట్టాడు. తర్వాత వాడి గుప్పిట మెల్లగా విచ్చుకుంది.

మర్నాడు చీకటితో లేచి మోటారు వేశాను. మంచం వైపు పోకుండా మెట్టు మీద కూర్చున్నాను. పైన కూలర్, కింద మోటారు. రెప్పలు బరువెక్కాయి. సాంచాలు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డట్టే ఉంది. లేచి నిలబడ్డాను. పొర్లే గొట్టంలోంచి మొదటి నీటిచుక్క పడగానే స్విచ్ తీశాను. తెల్లవారుతుంటే పై తీగ మీద బాబు బట్టలు కనిపించాయి, బస్సెక్కడం మాని రాత్రి ఉతికి ఆరేసినవి. బకెట్ నింపుకుని, కూలర్‌లో నీళ్లు పోయడానికి అడుగు చప్పుడు కాకుండా మెట్లెక్కాను.