టాస్క్‌బార్‌లో లేని నాలుగో గడి

మా ముదలాళికి, అంటే ఆఫీసు యజమానికి, కంప్యూటర్ గురించి తెలిసింది ఒక్కటే, తెర అడుగున ఉండే పట్టీ. విండోస్ ఎక్స్‌పీ కొత్తగా వచ్చిన రోజులవి. తమిళం నడిచే మా ఊళ్ళో, కోసపాళయం పేటలో ఒక స్టీలు పాత్రల కొట్టు పైన ఆయన నడిపిన ఆఫీసులో మేం నలుగురం, దుకాణాలకు బిల్లులు వేసే ప్రోగ్రాములు రాసేవాళ్ళం. ఆయన మా వెనక నడుస్తూ ఆ టాస్క్‌బార్‌లో తెరిచి ఉన్న ప్రోగ్రాముల గళ్ళు లెక్కపెట్టేవారు. మూడుంటే పని జరుగుతున్నట్టు. నాలుగోది కనిపిస్తే జీతం తీసుకుంటూ దొంగతనం చేస్తున్నట్టు. "ఆ నాలుగోది ఏంది?" అని అడిగేవారు. పర్యవేక్షణ అంటే అంతేనని ఆయన నమ్మకం.

ఊళ్ళో తెలుగువాళ్ళ సంఘానికీ ఆయనే పెద్ద. ఏటా ఉగాదికి మాతృభాష గొప్పదనం మీద కళ్ళు చెమర్చేలా ప్రసంగించేవారు. చేతిలో కాగితం మీద ఆ తెలుగంతా తమిళ అక్షరాల్లో ఉండేది. నవ్వడానికి నాకేమీ అర్హత లేదు. మా ఇంట్లో ఐదుగురం తెలుగులోనే పోట్లాడుకుంటాం, తెలుగులోనే ఏడుస్తాం, బడి చదువంతా తమిళంలో కావడంతో తెలుగు చదవడం మాత్రం ఒక్కరికీ రాదు.

అలాంటి ఇంటికి తెలుగులో ఉత్తరం వచ్చింది. నాకు నెల్లూరు సంబంధం కుదిరింది, అమ్మాయి స్కూలు టీచరు. నిశ్చితార్థమైన పదిరోజులకు నాలుగు పేజీలు రాసింది. పెళ్ళిచూపుల్లో "మా ఇంట్లో అంతా తెలుగే" అని ఛాతీ విరుచుకుని చెప్పింది నేనే కదా. కాబోయే భార్య ఉత్తరాన్ని పక్కింటివాళ్ళ చేత చదివించుకోవడం కన్నా సముద్రంలో దూకడం నయం, అది నడిచిపోయే దూరంలోనే ఉంది. పోనీ నిజం చెప్పేద్దామంటే, తన మొగుడికి అక్షరాలు రావని తెలిశాక ఏ టీచరమ్మ తాళి కట్టించుకుంటుంది? నాకు భయం వేసింది.

యానాంలో ఉద్యోగం చేసే మేనమామతో, స్నేహితుడి కొడుక్కని అబద్ధం చెప్పి, ఒకటో తరగతి వాచకం తెప్పించాను. ఇంట్లో చదివితే పరువు పోతుంది కాబట్టి ఆఫీసు కంప్యూటర్‌లో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. తెర మూల అగ్గిపెట్టెంత విండో, అందులో ఒక అక్షరం, నొక్కితే దాని కింద తమిళంలో పలుకు. అక్షరాలన్నీ పెయింట్‌లో మౌస్‌తో గీశాను. క, ఖ, గ, ఘ నాలుగింటికీ తమిళంలో ఒకటే అక్షరం కావడంతో, నా పరీక్ష నేనే పెట్టుకుని నేనే తప్పేవాణ్ణి.

ఇక మిగిలింది నాలుగో గడి. ప్రోగ్రాంలో ఆ విండో లక్షణాల జాబితాలో 'షో ఇన్ టాస్క్‌బార్' అన్నచోట ట్రూ తీసి ఫాల్స్ పెట్టాను. గడి మాయమైంది. నా తెలివికి నేనే పొంగిపోయాను. అయితే టాస్క్‌బార్‌లో చోటు లేని విండోను మినిమైజ్ చేస్తే, అది పోయే దారి తెలియక స్టార్ట్ బటన్ నెత్తిన చిన్న ముక్కగా కూర్చుంటుంది. ముదలాళి చూపు పడేది సరిగ్గా అక్కడే. ఆయన అడుగుల చప్పుడు విన్నాక ఈ సంగతి తెలిసింది. తెరకు చెయ్యి అడ్డం పెట్టి దగ్గాను. ఆ తర్వాత ఎఫ్12 నొక్కితే మొత్తం దాక్కునేలా, మళ్ళీ నొక్కితే కనిపించేలా రాశాను. ఆఫీసు పనికి ఎన్నడూ అంత శ్రమ పడలేదు.

ఆదివారాలు ఆమె ఫోన్ చేసేది. ఉత్తరం అందిందా అని ఒకసారి అడిగింది, అందిందన్నాను. చదివారా అని మాత్రం ఎన్నడూ అడగలేదు. నా నటన అంత గొప్పగా ఉందనుకున్నాను.

రెండో నెలలో ఒకరోజు ముదలాళి నా కుర్చీలో కూర్చుని, ఒక బట్టల కొట్టాయనకు బిల్లు చూపించబోయి పొరపాటున ఎఫ్12 నొక్కారు. తెర మూల 'ఝ' ప్రత్యక్షమైంది.

"ఇది యాడ నుంచి వచ్చె? కింద గడే లేదే!"

నా ఉద్యోగం పోయింది, దాంతోపాటు పెళ్ళీ పోయిందనుకున్నాను. కొట్టాయన వెళ్ళాక ఆయన తలుపు మూశారు. ఉత్తరంతో సహా అంతా చెప్పేశాను. ఆయన తెర మూలకి వేలు చూపించారు.

"ఇదేం అక్షరం?"

"ఝ, సార్."

"మనకు ఇది గూడా ఉందా?" అని, గొంతు తగ్గించి, "నా దాంట్లో గూడా వేసిపెట్టబ్బా. కింద కనపడగూడదు. సంఘమోళ్ళు వస్తా పోతా ఉంటారు" అన్నారు.

ఆ రోజు నుంచి ఆ ఆఫీసులో ఇద్దరం దొంగలం.

నాలుగో పేజీ చివరికి చేరేసరికి మూడో నెల వచ్చింది. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక కూడబలుక్కుంటూ చదివాను. 'మీకు చదవడం రాదని అత్తయ్య నిశ్చితార్థం రోజే చెప్పారు. ఎవరిచేతా చదివించుకోకండి. మెల్లగా నేర్చుకుని మీరే చదవండి. అప్పటిదాకా నేను అడగను.'

ముందు సిగ్గేసింది. తర్వాత, అన్ని ఆదివారాలు ఆమె నోటిదాకా వచ్చిన ప్రశ్నను ఎలా మింగిందో తలుచుకుంటే ఏడుపొచ్చింది. సాయంత్రం అమ్మను నిలదీస్తే, "నువ్వడిగితే గదరా చెప్పేది" అంది.

మర్నాడు ఫాల్స్ తీసి మళ్ళీ ట్రూ పెట్టాను. పట్టీలో నాలుగో గడి వచ్చింది. ముదలాళి నా వెనక ఆగి దాన్ని చూశారు. ఏంది అని అడగలేదు. అటూ ఇటూ చూసి, వంగి, నా చెవిలో అన్నారు.

"నాది మాత్రం మార్చొద్దబ్బా. ఉగాది దాకా అట్లే ఉండనీ."